టెరాబిట్ మావయ్య చిప్పు

మొదట్లో మేమంతా ఆయన్ని గిగాబిట్ మావయ్య అనేవాళ్ళం. తీగలో సమాచారం ఎంత వేగంగా పోతుందో చెప్పే కొలత అది. ఆయన కోతల వేగం ఏటేటా పెరిగిపోతుంటే ఆ కొలత చాలక, దానికి వెయ్యి రెట్లుండే టెరాబిట్‌కి పెంచాం. నా టీ కొట్టు చుట్టూ ఉన్న ఆఫీసులన్నీ ఈ వ్యాపారంలోవే. టీ అమ్ముకునే నాకు కూడా ఈ మాటలకి నోరు తిరగడం వింతేం కాదు.

ఆ పొద్దున మావయ్య వెంట ఆయన మేనకోడలు కూడా వచ్చింది. చిప్పు తయారయ్యేలోపు దాని డిజైన్లో తప్పులు వెతికి పట్టుకోవడం ఆ అమ్మాయి ఉద్యోగం. పెద్ద కంపెనీ, నికరమైన జీతం. భర్తకి ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి సంసారం ఆ జీతం మీదే నడుస్తోంది. ఇటు చూస్తే మావయ్య మళ్ళీ కొత్తగా చిప్పుల కంపెనీ పెట్టాడు. పెట్టుబడి వచ్చింది, కస్టమర్ కూడా దొరికాడు, ఇక నువ్వొక్కదానివే తక్కువ అంటూ ఆ పిల్ల వెంటపడుతున్నాడు. ఇవాళ ఏదో ఒకటి చెప్పేస్తానని మాటిచ్చిందట. టీ తాగాక నేరుగా ఆఫీసుకెళ్ళి రాజీనామా ఇస్తుందో, మామూలుగా పనిలో కూర్చుంటుందో తేలిపోవాలి. అందుకే నా చేతులు టీ వడపోస్తున్నా చెవులు మాత్రం బల్ల దగ్గరే ఉన్నాయి.

బల్ల దగ్గర ఇంకో ఇద్దరున్నారు. ఒకతను లిఫ్టు మెకానిక్. రెండో ఆవిడని అందరం కొనుగోలు మేడమ్ అంటాం. ఈ వీధిలోనే ఒక ఆఫీసులో కొనుగోళ్ళన్నీ చూసి రిటైరయ్యారు. ఆవిడ బేరం మొదలుపెడితే అవతలివాడు తన వస్తువు మీద తనకే అనుమానం తెచ్చుకుంటాడని చెప్పుకుంటారు. నా దగ్గర కూడా టీ ధర ఎప్పుడో తగ్గించి కూర్చున్నారు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడు మావయ్య. ఆయన కథలన్నీ అక్కణ్ణుంచే మొదలవుతాయి. "మా పాత కంపెనీ మునిగిపోయిందని ఎవరో నీ చెవిన వేశారు కదమ్మా, అసలేం జరిగిందో నా నోటితో విను. అప్పట్లో నేను మామూలు ఇంజనీరుని. ఆఫీసుల్లో మూలగదిలో ఒక పెట్టె ఉంటుంది చూశారా, లైట్లు మిణుకుమిణుకుమంటూ, ఒంటినిండా తీగలు గుచ్చుకుని? నెట్‌వర్క్ పెట్టె అది. ఎవరి మెసేజ్ ఎవరికి పోవాలో చూసి అటు తోలడం దాని పని. ఆ పనంతా చేసేది దాని కడుపులో ఉండే చిప్పు. ఒకరోజు మా ఆఫీసులో ఆ పెట్టె మొరాయించింది. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్ళి ఒక్క తీగ ఈ రంధ్రంలోంచి పీకి ఆ రంధ్రంలో గుచ్చా. నడిచింది. అంతే, ఇందులో గొప్పేం లేదు."

"అది నేనూ చేస్తా," అన్నాడు మెకానిక్.

"చేస్తావయ్యా, కాదన్నానా? చేశాక ఇంటికెళ్ళి పడుకుంటావు. నేను పడుకోలేదు. ఒక్క తీగ మారిస్తేనే ఇంత బాగుపడితే, లోపలున్న చిప్పునే మారిస్తే ఎలా ఉంటుందీ అనుకున్నా. అనుకున్నవాణ్ణి ఊరుకోకుండా పెట్టుబడివాళ్ళ దగ్గరికి వెళ్ళా. పొడుగాటి గాజుబల్ల, చుట్టూ వాళ్ళు, ఒక్కొక్కరి ముందు ఒక్కో నీళ్ళ సీసా. నేను బోర్డు మీద బొమ్మ గీద్దామని మార్కర్ మూత తీశా. గీయలేదు సుమా, మూత తీశానంతే. 'చాలు చాలు, ఇచ్చేస్తాం' అన్నారు. అయ్యా, నేనింకా చెప్పనేలేదు కదా అన్నా. 'చెప్పకండి, చెబితే పక్కవాళ్ళు వింటారు, వాళ్ళు మాకంటే ముందు ఇచ్చేస్తారు' అన్నారు."

"మీరు ఏం తయారుచేస్తారో అడగనే లేదా మావయ్యా?" అంది మేనకోడలు.

"ఎందుకు అడగలేదమ్మా, అడిగారు. చెక్కు చేతిలో పెట్టి, నన్ను గుమ్మం దాకా సాగనంపి, అప్పుడు అడిగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను లిఫ్టులో కిందికి దిగుతుంటే అంతస్తు అంతస్తులోనూ ఒక పెట్టుబడివాడు ఎక్కడం. మా డబ్బు కూడా తీసుకోండి సార్, మమ్మల్ని అన్యాయం చెయ్యకండి సార్ అని ఒకటే గోల. సగం దూరం వచ్చేసరికి ఊపిరాడ్డం లేదు నాకు. ఆ బరువుకి లిఫ్టు నిలబడిపోయింది."

"బరువెక్కువైతే తలుపే మూసుకోదండీ," అన్నాడు మెకానిక్. "బీప్, బీప్ అని కొడుతుంది."

"డబ్బున్నవాళ్ళ బరువయ్యా అది. బీప్ కొట్టడానికి దానికి ధైర్యం చాలలేదు."

నేను మావయ్య గ్లాసు మళ్ళీ నింపాను. కథ ఇంకా కింది అంతస్తులోనే ఉందని నాకు తెలుసు.

"సరే, ఆఫీసు తీసుకున్నాం. ముప్ఫైమందిమి చేరాం. ఒక్కొక్కడూ ఆణిముత్యం. తిండి లేదు, నిద్ర లేదు, ఇళ్ళలో పిల్లలు మా ఫొటో చూపించి ఈయనెవరమ్మా అని అడిగే పరిస్థితి. ఏళ్ళు గడిచాక ఫ్యాక్టరీ నుంచి మొదటి చిప్పు వచ్చింది. వేలిగోరంత ఉంది. పెట్టెలో బిగించి కరెంటు పెట్టాం. ఒక మెసేజ్ పంపి చూశాం. బటన్ మీంచి వేలు తీసేలోపు అవతల చేరిపోయింది. బానే ఉందే అనుకుని కాస్త వేగం పెంచాం. ఈసారి టైపు చేస్తుండగానే చేరిపోతోంది. మావాళ్ళు భయపడ్డారు. నేను వింటానా? ఇంకాస్త పెంచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పంపకముందే చేరిపోతోంది!"

"పంపని మెసేజ్ సరిగ్గా చేరిందని ఎలా పరీక్షించారు?" అంది మేనకోడలు. పాపం, ఆ పిల్ల ఉద్యోగమే అది.

"ఇదిగో, తప్పులు వెతికేవాళ్ళతో ఇదే చిక్కు. ఎలా ఏముందీ? ముందు జవాబు వచ్చేది. దానికి సరిపోయే ప్రశ్న మేము తర్వాత తీరిగ్గా రాసుకునేవాళ్ళం. ఒక్కసారి కూడా తప్పలేదంటే నమ్ము. నాకు ఒకరోజు పొద్దున్నే సెలవు మంజూరైందని మెసేజొచ్చింది. నేను అడిగితే కదా! సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఇంకొకతని సంగతి మరీ ఘోరం. అప్పటికి అతని పెళ్ళి మాట కూడా ఎవరూ అనుకోలేదు. 'మన పదో పెళ్ళిరోజు మర్చిపోయావు కదూ' అని మెసేజ్ వచ్చి పడింది. ఎవరిని బతిమాలుకోవాలో తెలీక, ఆఫీసులో ఉన్న ఆడవాళ్ళందరికీ క్షమాపణ చెప్పుకుంటూ తిరిగాడు."

"అందులో ఒకావిడే ఆ తర్వాత భార్య అయ్యుంటుంది," అన్నాను నేను ఉండబట్టలేక.

"అయింది! నీకెలా తెలుసు? నీకూ ఆ మెసేజ్ వచ్చిందా?"

మెకానిక్ పకపకా నవ్వాడు. మేనకోడలు కూడా నవ్వింది గానీ, నవ్వుతూనే చేతి గడియారం చూసుకుంది.

అది చూసి మావయ్య ఇంకాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు. "అంత వేగంతో నడిస్తే వేడెక్కదా మరి? ఎక్కింది. ఒక ఫ్యాను పెట్టాం, సరిపోలేదు. నాలుగువైపులా నాలుగు పెట్టాం, అవీ సరిపోలేదు. చివరికి పెట్టె చుట్టూ ఫ్యాన్లు తప్ప పెట్టె కనపడకుండా చేశాం. అన్నీ ఒక్కసారి ఆన్ చేశామో లేదో, పెట్టె నేల మీంచి లేచింది! ల్యాబంతా ఒక చుట్టు తిరిగి పైకప్పుకి అతుక్కుపోయింది. పై అంతస్తులో పళ్ళ డాక్టరు ఉండేవాడు. ఆయన ఎవరికో పన్ను పీకుతున్నాడు. కిందనుంచి ఆ గాలి విసురుకి కుర్చీ, అందులో మనిషీ కలిసి పైకి లేచారు. పన్ను మాత్రం డాక్టరు చేతిలో ఉండిపోయింది. నొప్పే తెలీలేదని ఆ పేషెంటు మాకు పూలు పంపించాడు."

"పెట్టెని దించారా లేదా?" అన్నాడు మెకానిక్. పైకి లేచిన వస్తువులంటే అతనికి ఎక్కడలేని ఆసక్తి.

"తాళ్ళు కట్టి దించాం. అసలు సంగతికొస్తున్నా, వినండి. మా లైన్లో ఒక పద్ధతుంది. పెద్ద కంపెనీవాళ్ళు మన పెట్టెని పరీక్ష చేసి చూస్తామని పట్టుకెళ్ళారనుకో, ఇక గెలిచినట్టే లెక్క. అందుకని ఆఫీసులో ఒక ఇత్తడి గంట కట్టుకున్నాం. పెట్టె గుమ్మం దాటగానే గంట కొట్టాలి. ఈ వీధి చివర ఎర్ర భవనం ఉంది చూశారా, ఆ కంపెనీవాళ్ళే వచ్చి తీసుకెళ్ళారు. గంట ఎంత గట్టిగా కొట్టామంటే పై అంతస్తు పళ్ళ డాక్టరు దిగొచ్చాడు. ఆ రోజు నుంచీ ఇంకెవరి గుమ్మమూ తొక్కలేదు. ఎందుకు తొక్కాలి? గెలిచేశాం కదా!"

కొనుగోలు మేడమ్ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆపారు. "పెట్టె ఏ రంగు తమ్ముడూ?" అన్నారు.

"నీలం అక్కయ్యా. మూత మీద ఇంత పెద్ద మెరుపు బొమ్మ."

"ఊఁ," అని ఆవిడ టీ తాగడంలో పడ్డారు.

"మరి అంత గొప్ప చిప్పు ఉంటే కంపెనీ ఎందుకు మూతపడింది మావయ్యా?" అని అడిగేసింది మేనకోడలు. ఆ పిల్ల వచ్చిందే ఆ మాట అడగడానికని నాకు అర్థమైంది. గొంతులో నవ్వు లేదు.

మావయ్య ఒక గుటక టీ మింగి, గొంతు తగ్గించాడు. "నీకు కాబట్టి చెబుతున్నా, బయట అనకు. ఎర్ర భవనంవాళ్ళు మన పెట్టెని రాత్రనక పగలనక నడిపారు. ఆపలేకపోయారు. దాని ఆకలి అలాంటిది. వాళ్ళ మెసేజ్‌లన్నీ టిఫిన్ వేళకి పూర్తయిపోయాయి. పక్క కంపెనీవాళ్ళవి లాక్కుంది, అవీ అయిపోయాయి. సముద్రం కింద తీగల్లో పోయేవి కూడా లాగేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యాహ్నానికి ప్రపంచంలో పంపడానికి మెసేజ్ అన్నది మిగల్లేదు! జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, నోటితో మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఎన్ని కాపురాల్లో గొడవలయ్యాయో లెక్కలేదు. ఇక ప్రపంచంలో ఉన్న చిప్పుల కంపెనీల యజమానులందరూ వరసగా వచ్చి మా ఆఫీసు ముందు నిలబడ్డారు. మెట్లమీద, రోడ్డుమీద, ఆ మలుపు దాకా. మీ చిప్పు ఉంటే మేం బతకలేం, కాళ్ళు పట్టుకుంటాం, ఆపెయ్యండి అన్నారు. నాకు ఏడుపొచ్చింది. సరేలెండి, మీ పిల్లాపాపలతో చల్లగా బతకండి అని నేనే, ఈ చేతులతోనే కంపెనీకి తాళం వేశా. మునిగిపోవడం కాదమ్మా అది. దయ!"

అంత ఎత్తుకెళ్ళిన కోతని కిందికి దించాలంటే మెకానిక్ వల్ల కూడా కాదు.

కొనుగోలు మేడమ్ ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టారు. "రాత్రనక పగలనక నడిపారన్నావా తమ్ముడూ?"

"ఆపలేకపోయారు అక్కయ్యా!"

"ఆ ఎర్ర భవనంలో కొనుగోళ్ళు చూసింది నేనే. ఆ నీలం పెట్టె తెప్పించింది కూడా నేనే," అన్నారావిడ నెమ్మదిగా. "అది ల్యాబుకి వెళ్ళలేదయ్యా. నా గదిలో బల్ల మీద ఉండేది. మాకు ఎప్పటినుంచో చిప్పులమ్మే పాత కంపెనీ ఒకటుంది. వాళ్ళ మనిషి ధర మాట్లాడ్డానికి వస్తే, అతను కూర్చునే కుర్చీకి ఎదురుగా జరిపేదాన్ని. ఆ మెరుపు బొమ్మ చూడగానే అతనికి చెమటలు పట్టేవి. నేను ఒక్క మాట అనేదాన్ని కాదు. మధ్యమధ్యలో పెట్టె మీద దుమ్ము తుడిచేదాన్ని, అంతే. ధర దానంతటదే దిగేది."

మెకానిక్ నవ్వబోయి, మావయ్య మొహం చూసి ఆగిపోయాడు.

"ఒక్కసారి కూడా ఆన్ చెయ్యలేదా అక్కయ్యా?" అన్నాడు మావయ్య.

"లేదు తమ్ముడూ."

"మీ ల్యాబువాళ్ళు అడగలేదా?"

"అడిగారు. మీ చిప్పు వాడాలంటే మా ప్రోగ్రాములన్నీ మళ్ళీ మొదటినుంచి రాసుకోవాలట. అంత పని ఎవరు నెత్తిన పెట్టుకుంటారు? నా పని ధర తగ్గించడం, నేను తగ్గించాను. అక్కడ మీరు గంట కొట్టుకుని కూర్చున్నారని నాకేం తెలుసు?"

"ముప్ఫైమందిమి అక్కయ్యా," అన్నాడు మావయ్య. "చిప్పు బాగా నడిచేది. పంపకముందే చేరేది కాదనుకోండి. కానీ నిజంగా బాగా నడిచేది." నాకు ఆయన మీద చెప్పలేనంత జాలేసింది. ఆ మాటలో ఒక్క పిసరు కూడా కోత లేదు.

మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకునే అడిగింది. "మావయ్యా, కొత్త కంపెనీకి కస్టమర్ దొరికాడన్నారు. వాళ్ళు ఏం చేశారు?"

"పెట్టె పట్టుకెళ్ళారమ్మా! పోయిన వారమే. మేము అప్పుడే గంట..." అని మావయ్య మాట మధ్యలో మింగేశాడు.

"ఎక్కడ పెట్టారో కనుక్కుంటే సరిపోతుందిగా," అన్నారు మేడమ్. "ఫోన్ చేసి, మా పెట్టె ఇవాళే వెనక్కి కావాలని అడుగు. నిజంగా పరీక్ష చేస్తుంటే లబోదిబోమంటారు. పని మధ్యలో ఉంది, తీగలన్నీ గుచ్చి ఉన్నాయి, ఎలా ఇస్తాం అంటారు. అలా అంటే పిల్లని నిశ్చింతగా తీసుకుపో."

మావయ్య ఫోన్ తీశాడు. వెనకాడతాడనుకున్నాను గానీ, స్పీకరు పెట్టి మరీ బల్ల మధ్యలో ఉంచాడు. అంత నమ్మకం ఆయనకి. నేను స్టవ్ మంట తగ్గించాను. అవతలి మనిషి ఎంతో మర్యాదస్తుడు. నమస్కారాలయ్యాయి, కుశల ప్రశ్నలయ్యాయి.

"మా పెట్టె ఇవాళ వెనక్కి కావాల్సొచ్చిందండీ," అన్నాడు మావయ్య.

"అయ్యో, ఇవాళ వద్దు సార్! రేపొక్కరోజు ఉండనివ్వండి. రేపు మాకు చిప్పులమ్మే సప్లయర్‌తో పెద్ద మీటింగుంది. అది అయిపోగానే మీ మనిషిని పంపండి, ఇచ్చేస్తాం."

"అది కాదండీ, పరీక్షలు సగంలో ఆగిపోతాయేమోనని..."

"ఆ ఇబ్బందేం లేదు సార్. కరెంటు వైరు ఇంకా కవర్లోనే ఉంది. మీకు ప్యాకింగ్ శ్రమ కూడా ఉండదు."

మావయ్య ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేశాడు. స్టవ్ మీద పాలు పొంగాయి. నేను పరిగెత్తుకెళ్ళి దించాను.

"నేను రాలేను మావయ్యా," అంది మేనకోడలు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇంట్లో నా ఒక్క జీతమే ఉంది. మీరంటే నాకెంత ఇష్టమో మీకు తెలుసు. కానీ రాలేను."

"రావద్దులే అమ్మా," అన్నాడాయన. "నువ్వొచ్చాక ఈ ఫోన్ చేసి ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకునేవాణ్ణి? పో, ఆలస్యమవుతోంది." ఆ పిల్ల వంగి ఆయన భుజం మీద ఒక్క క్షణం తల ఆనించి, బ్యాగు తగిలించుకుని రోడ్డు వైపు నడిచింది. రాజీనామా గండం గడిచినందుకు నాకు గుండెల్లో బరువు దిగింది. అదే సమయంలో ముడుచుకుపోయి కూర్చున్న ఈ పెద్దమనిషిని చూడలేకపోయాను. ఇంకో టీ పోసి ముందు పెట్టాను.

మావయ్య మెల్లిగా మేడమ్ వైపు తిరిగాడు.

"అక్కయ్యా, రేపటి మీటింగులో వాళ్ళకి ధర తగ్గుతుందంటారా?"

"తగ్గక ఏం చేస్తుంది? మూత మీద మెరుపు బొమ్మ ఉందా?"

"ఉంది. ఈసారి ఇంకా పెద్దది వేయించాం."

"అయితే సగానికి సగం దిగుతుంది."

మావయ్య వెన్ను నిటారుగా అయింది. గ్లాసు పక్కన పెట్టి, బల్ల మీద చరిచి లేచి నిలబడ్డాడు. రోడ్డు దాటబోతున్న మేనకోడలికి వినపడేలా గొంతెత్తాడు. "విన్నారా! అమ్మాయ్, నువ్వూ విను! కరెంటు పెట్టకుండా, ఒక్క తీగ గుచ్చకుండా, ఊరికే బల్ల మీద కూర్చుని ఎదుటివాడి ధర సగానికి సగం దించే చిప్పు ఈ భూమ్మీద ఇంకెవడైనా చేశాడా? చేసి చూపించమను! అంతపెద్ద కంపెనీని చూపుతోనే వణికించే చిప్పు! ఆన్ చెయ్యకపోతేనే ఇంత చేసింది, ఆన్ చేస్తే ఏమయ్యేదో తెలుసా?"

ఆ పిల్ల రోడ్డు మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది. కళ్ళు తుడుచుకుని నవ్వుతోంది.

"దానికి చిప్పెందుకు మావయ్యా?" అని అరిచింది. "ఖాళీ పెట్టె చాలు కదా!"